తీతువు పొదిగిన రాళ్లు

పిట్టల విషయంలో నా పాండిత్యం ఎంతటిదంటే, ఒకసారి తుమ్మకొమ్మకు చిక్కుకున్న పాల ప్యాకెట్టును కొంగ అనుకుని ఊపిరి బిగబట్టి చాలాసేపు చూశాను. అది ఎగరకపోయేసరికి దాని ఓర్పును మెచ్చుకున్నాను కూడా. కాబట్టి ఈ కథలో పిట్టలు తెలివైనవిగానూ మనుషులు ఇంకోలాగానూ కనబడితే, అది పక్షపాతం కాదు, స్వానుభవం.

నగరం చివర, అపార్ట్‌మెంట్లు మింగగా మిగిలిన పల్లేరుచెరువు ఉంది. ఒక పక్క వాకింగ్ ట్రాక్ కోసమని పోసి వదిలేసిన కంకర, ఇంకో పక్క మురుగుకాలువ, మధ్యలో కాసిని నీళ్లు. కంకరకు కాస్త ఎడంగా, వట్టి నేల మీద తీతువు నాలుగు గుడ్లు పెట్టింది. తీతువులు గూడు కట్టవు. మట్టిరంగు గుడ్లు మట్టి మీదే పెడతాయి. పక్కనే నిలబడినా రాళ్లనుకుని పోవలసిందే.

ఆ గట్టుకు కొత్తగా మేతకొస్తున్న గేదె నెమరు వేస్తూ అడిగింది. "ఇంత బాగా కలిసిపోయాయి కదే, మరి పోయిన విడత గుడ్లు ఎలా పోయాయి?"

తీతువు భగ్గుమంది. "ఎలా పోవడమేంటి అత్తా! నెలన్నర కిందట ఓ ఆదివారం మనుషులొచ్చారు. మెళ్లో బైనాక్యులర్లు, నెత్తిన అడవికి పోతున్నట్టు టోపీలు. 'పోండ్రా, అవతలికి పోండ్రా' అని నేను గొంతు చించుకుంటుంటే, వాళ్ల పెద్ద ఒకడున్నాడు, పరాంకుశం గారట, 'చూశారా, మనల్ని పలకరిస్తోంది' అన్నాడు! అని ఇంకా దగ్గరికొచ్చాడు. గుడ్లు కనబడ్డాయి. అందరికీ వేలు పెట్టి చూపించాడు. ముట్టుకోలేదులే, పెద్దమనుషులు. ఫొటోలు తీసుకుని పోయారు. వాళ్ల వీపు అటు తిరగ్గానే, ఆ వేలు చూపిన చోటికి ఇదిగో, ఈ కాకి దిగింది!"

కరెంటు స్తంభం మీద కాకి ముక్కు తుడుచుకుంది. "నన్నంటావేం తీతువమ్మా? నేనేమన్నా కన్నం వేశానా? చదువుకున్నవాళ్లు భోజనం చూపించారు, తిన్నాను."

"నా బిడ్డల్ని మింగి నీతులు చెబుతున్నావా?"

"కోపం దేనికి? రేపు మళ్లీ వాళ్లొచ్చే ఆదివారమే. మళ్లీ వస్తారు, మళ్లీ చూపిస్తారు. ఈసారి ఒక్కణ్నే తిననులే. కాకి జాతి గొప్పతనం నీకు తెలుసుగా, మెతుకు దొరికినా పదిమందిని పిలుస్తాం. మా వాళ్లందరికీ కబురు పెట్టేశాను."

నీళ్లలో ఒంటికాలి మీద ఉన్న కొంగ కళ్లు మూసుకునే కలగజేసుకుంది. "సర్దుకుపోవాలమ్మా. పాపం వాళ్లు పక్షి ప్రేమికులు. నన్నెంత బాగా తీస్తారో! కాస్త ఎడమవైపు తిరిగానంటే..."

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట నీలాంటివాడు! నీ గుడ్లు చిటారుకొమ్మన ఉన్నాయి బాబాయ్, నావి నేల మీదున్నాయి. నేల మీద బతికేవాళ్లకు సర్దుకుపొమ్మని చెట్టెక్కి చెప్పకు."

కొంగ ఎడమవైపు తిరిగింది.

సాయంత్రం తీతువు గుడ్లకు చెవి ఆనించింది. లోపలి నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. వెంటనే మొగుణ్ని పిలిచింది.

"రేపు పొద్దెక్కేసరికి పగులుతాయి. మన పిల్లలు కాకిపిల్లల్లా నోళ్లు తెరుచుకుని గూట్లో పడి ఉండేవి కావు. ఒళ్లు ఆరగానే నడుస్తాయి. నడిచాయా, గడ్డిలో దాచేస్తాం. ఆ ఒక్క పూట గడిస్తే చాలు. నువ్వు గుడ్ల మీద కూర్చో. మిగతాది నేను చూసుకుంటా. ఒక్కటే మాట, ఏం జరిగినా కుయ్యకు."

"కుయ్యకుండానా? దోమ వాలినా ఊరు లేపే వంశమే మనది!"

"అందుకే చెబుతున్నా. తీతువు కూస్తే చావని ఊళ్లో అంటారు. రేపు నువ్వు కూస్తే నిజంగానే నాలుగు చావులు."

మొగుడు ముక్కు బిగించి గుడ్ల మీద కూర్చున్నాడు.

"నేను పక్కనే పడుకుంటాలే," అంది గేదె. "నాకు తెలివి లేదు గానీ ఒళ్లుంది."

తెల్లవారింది. తీగల నిండా కాకులు, పెళ్లిపందిట్లో భోజనాల బంతి కోసం కాచుకున్నట్టు. మనుషులూ దిగారు. పరాంకుశం గారు ముందు, జనం వెనక.

తీతువు వాళ్ల కళ్లముందే నీళ్లలోకి దిగి పొట్ట తడుపుకుంది. నేరుగా కంకర దగ్గరికి పోయి, అక్కడ చెదిరి ఉన్న గుండ్రాళ్ల మీద మెల్లగా సర్దుకుని కూర్చుంది. కాసేపయ్యాక లేచి మళ్లీ తడిసొచ్చి కూర్చుంది. ఎండ ముదిరితే గుడ్లను చల్లబరచడానికి తీతువులు చేసే పనే అది. ఆ ముక్క పరాంకుశం గారు ఆ వారమే ఎక్కడో చదివారు. చదివింది ఎదురుగా కనబడితే మనిషి ఆగుతాడా!

"అదిగో, పొట్ట తడుపుకుంటోంది! అంటే అక్కడే గుడ్లు!" వేలు లేచింది.

బైనాక్యులర్లన్నీ కంకర మీదికి తిరిగాయి. "నాకు కనబడ్డాయండీ" అన్నారొకరు. "నాకూనండీ" అన్నారు పక్కవారు. పక్కవాడికి కనబడ్డాక తనకు కనబడలేదనే ధైర్యం ఎవరికుంటుంది?

తెల్ల చొక్కా ఆయనొకడు మాత్రం అందర్నీ కలిపి ఫొటో తీద్దామని వెనక్కి, ఇంకా వెనక్కి నడుస్తున్నాడు. అసలు గుడ్లు ఆయన మడమల వెనకే ఉన్నాయి. మగ తీతువు గొంతు ఉబ్బింది. ముక్కు తెరుచుకుంది. పొట్ట కింద ఒక గుడ్డు అప్పుడే చిట్లింది. అరిస్తే తీగ మీది కాకి చూస్తుంది, అరవకపోతే బూటు దిగుతుంది. పాపం, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

గేదె తోకను బురదలో ఒకసారి ముంచి ఝాడించింది. తెల్ల చొక్కా వీపంతా చెరువయింది. ఆయన "ఛీ ఛీ!" అంటూ ముందుకు గెంతి గుంపులో పడ్డాడు. ఆ వాసనకు గుంపే కదిలి, ట్రాక్ పట్టుకుని వెళ్లిపోయింది.

"రండి రండి, వడ్డనైంది!" అని కాకి పిలిచింది. తీతువు గుండె బాదుకుంటున్నట్టు రెక్కలు కొట్టుకుని పక్కకు తప్పుకుంది. బలగమంతా కంకర మీదికి దిగింది.

టక్.

ముసలి కాకి ముక్కు పట్టుకుంది. "ఏంట్రా ఇది?"

"గుడ్డే అత్తా, కాస్త గట్టిది."

టక్. టక్. టక్.

"కల్యాణమంటపం వెనక విస్తళ్లు వదులుకుని వచ్చానురా, నీ రాళ్లు తినడానికి!"

"నా తప్పేముంది! వాళ్లంతా చూపించారు కదా! అంతమంది!"

"వాళ్లకైతే బుద్ధి లేదు. నీకు కళ్లేమయ్యాయిరా?"

పిలిచి మరీ అవమానిస్తే చుట్టం పగవాడికంటే కటువు. అందరూ కలిసి తోక ఈకలు పీకేవరకూ పొడిచారు. కాకి మురుగుకాలువ దాటి చెత్తకుప్ప మీద కూలబడింది. పొద్దు నడినెత్తికొచ్చాక అక్కడి నుంచి చూస్తే, గేదె నీడ వెంట నాలుగు నూగుబంతులు గడ్డిలోకి పోతున్నాయి. వెళ్లి పట్టుకుందామంటే తోక లేదు, పిలుద్దామంటే పలికే చుట్టం లేడు.

"మోసం!" అని అరిచింది.

తీతువు దాని నెత్తి మీదుగా దూసుకుపోయింది. "మోసమా? పోయినసారి నా గుడ్లు తిన్నదాన్ని ఏమన్నావో గుర్తుందా? భోజనం! ఇదీ భోజనమే. నమిలి మింగు. నా కోపం ఇంకా చల్లారలేదు. ఆ గట్టు మీద మళ్లీ కనబడ్డావో, ఆ మిగిలిన రెండు ఈకలూ ఉండవు!"

కాకి ఆ రోజు పస్తు పడుకుంది.

పరాయివాడి వేలు పట్టుకుని తిండి వెతుక్కునేవాడికి విస్తట్లో రాళ్లే.