కప్పు తెచ్చిన జట్టు

తెల్లదొరల కాలంలో, సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో ఒక కాలేజీ ఉండేది. ఆ కాలేజీ ఫుట్‌బాలు జట్టులో పదకొండు మంది. పదకొండు మందికీ తమ బుర్రల మీద మహా నమ్మకం.

"మిగతా జట్లు కాళ్ళతో ఆడతాయి. మనం బుర్రతో ఆడతాం," అనేవాడు కెప్టెను భీమశంకరం, పిలక ముడేసుకుంటూ. "పెద్దలు ఒక మాట చెబితే అచ్చం అలాగే చేస్తాం. తెలివంటే అదే కదా!"

"అదే, అదే!" అనేవాడు గోలు కాసే గవర్రాజు.

ఆ ఏడు మొదటి మ్యాచి రానే వచ్చింది. డ్రిల్లు మాస్టారు దానియేలు గారు అందర్నీ దగ్గరికి పిలిచి, "అవతలివాళ్ళు మొరటు మనుషులర్రా. ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడండి," అన్నారు.

అంతే. ఈల మోగగానే పదకొండు మందీ ఒకరి నడుం ఒకరు పట్టుకుని తమలపాకుల కట్టలా దగ్గరైపోయారు. బంతి ఎటు పోతే కట్ట అటు దొర్లింది. గోలు దగ్గర ఎవరూ లేరు, గవర్రాజు కూడా కట్టలోనే ఉన్నాడు మరి. అవతలివాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ తాపీగా నడిచొచ్చి గోలు మీద గోలు కొట్టుకుపోయారు.

"ఇంకాస్త దగ్గర పెట్టాల్సిందిరా ఒళ్ళు," అన్నాడు భీమశంకరం దిగులుగా. "మధ్యలో గాలి దూరింది."

మాస్టారు తల బాదుకున్నారు. "ఈసారి బంతి అందిందా, ఇంక ఆలోచించొద్దు. కాళ్ళకి బుద్ధి చెప్పండి!"

రెండో మ్యాచిలో భీమశంకరానికి బంతి అందింది. ఎదురుగా గోలు ఖాళీ! అవతల కాపలావాడు జారిపడ్డాడు. ఇంకేముంది, భీమశంకరం అక్కడే చతికిలబడి కాళ్ళు బారజాపాడు.

"చూడమ్మా కుడికాలూ, నువ్వు పెద్దదానివి. చెల్లెలితో పోట్లాడకూడదు. ముళ్ళలో తిరక్కూడదు. పొద్దుగూకేసరికి ఇల్లు చేరాలి."

కెప్టెనే కూర్చుంటే మిగతావాళ్ళు నిలబడతారా? మైదానమంతా బడిపంతుళ్ళ గొంతులే.

"నా ఎడమకాలు వినటం లేదు కెప్టెన్!" అని అరిచాడు గవర్రాజు.

"తిమ్మిరెక్కి ఉంటుంది, రెండు తగిలించు!"

ఈలోపు మ్యాచి అయిపోయింది. ఆ పూట భీమశంకరం అన్నం ముట్టలేదు. 'కాళ్ళు బుద్ధిగానే ఉన్నాయి, మరి తేడా ఎక్కడొస్తోంది?' అని ఒకటే మథన.

మూడో మ్యాచిలో విచిత్రంగా మనవాళ్ళే ఒక గోలు ముందున్నారు. ఎండ మండిపోతోంది, అవతలివాళ్ళు సొమ్మసిల్లేట్టున్నారు. హాఫ్‌టైములో మాస్టారు ఉబ్బితబ్బిబ్బై, "ఇంకేం చూస్తార్రా! వాళ్ళ చేత మూడు చెరువుల నీళ్ళు తాగించండి!" అన్నారు.

అంతే, కుండలు పట్టుకుని మూడు దిక్కులకీ పరుగో పరుగు. ఊరిచెరువు నీళ్ళు, తామరచెరువు నీళ్ళు, కోమటిచెరువు నీళ్ళు తెచ్చి, "తాగండి బాబూ, ఇంకో గుక్క" అని బతిమాలి తాగించారు. వాళ్ళకి ప్రాణం లేచొచ్చింది. మనవాళ్ళకి కుండలు మోసి నడుములు పడిపోయాయి. చిత్తుగా ఓడారు.

ప్రిన్సిపాలు నరసింగరావు గారు జట్టుని పిలిపించారు. "ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నాను. ఇక జమీందారు గారి పోటీ ఒక్కటే మిగిలింది. కప్పు తెస్తే సరే. కప్పు లేకుండా గేటు లోపల అడుగుపెట్టారో, రేపటినుంచి జట్టే ఉండదు!"

ఆటంటే భీమశంకరానికి ప్రాణం. పోటీ నాడు మాస్టారి కాళ్ళ దగ్గర కూర్చుని, "ఏం చెయ్యమంటారండీ?" అని అడిగాడు. మాస్టారు నోటికి కండువా అడ్డం పెట్టుకుని మొహం తిప్పేసుకున్నారు.

ఎవరూ ఏమీ చెప్పలేదు. దాంతో పాపం, చెయ్యడానికేమీ లేక, మనవాళ్ళు ఉత్తినే ఆడారు. గెలిచేశారు! ఆఖరి గోలు భీమశంకరానిదే. వాడికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

జమీందారు గారు వెండి కప్పు వాడి చేతిలో పెట్టారు. భీమశంకరం దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఇదేమిటండీ?"

"కప్పు నాయనా."

"చెంబుకి రెండు చెవులు పెడితే కప్పయిపోతుందాండీ? మా ప్రిన్సిపాలు గారు చదువుకున్నవారు. ఇలాంటివి నమ్మరు." తల పైకెత్తి చూశాడు. జమీందారు గారి కోసం వేసిన పందిరి, దాని మీద కొత్త తాటాకు కప్పు! "అదిగో కప్పు! అది ఇప్పించండి బాబూ!"

కుర్రాడు వేళాకోళమాడుతున్నాడనుకుని ఆయన పకపకా నవ్వి, "తీసుకుపోండి" అన్నారు.

ఇంకేముంది, వెండిచెంబుని మంచినీళ్ళకి పనికొస్తుందని ఓడినవాళ్ళకి ఇచ్చేసి, పందిరికప్పు ఊడదీసి భుజాలకెత్తుకున్నారు. మాస్టారు చూశారు. నోరు తెరిచారు. మళ్ళీ కండువా అడ్డం పెట్టేసుకున్నారు.

కాలేజీ గేటు దగ్గర ప్రిన్సిపాలు గారు పూలదండతో ఎదురొచ్చారు. "గెలిచారట కదర్రా! కప్పేదీ?"

"ఇదిగోనండీ," అన్నాడు భీమశంకరం తాటాకుల కిందనుంచి రొప్పుతూ. "ఎక్కడ పెట్టమంటారు?"

సంగతి బోధపడేసరికి ఆయనకి ఒళ్ళు మండిపోయింది. "ఎక్కడేమిట్రా! నా నెత్తిన పెట్టండి!"

"జాగ్రత్తరా, పెద్దాయన, మెల్లిగా దించండి" అంటూ పదకొండు మందీ కలిసి పెట్టేశారు.