నీళ్ళకి తోడు అడిగిన లోవరాజు

రండర్రా, ఇలా దగ్గరికి వచ్చి కూర్చోండి. చాప చాలకపోతే ఆ గోనెపట్టా పరుచుకోండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కథ సగంలోనే నిద్రపోతారు, అందుకని గోడ వదిలేసి ముందుకి జరగండి. మీ ఇళ్ళల్లో పొయ్యిల మీద అన్నాలు ఉడుకుతున్నాయి. అవి వార్చేలోగా ఈ కథ అయిపోతుంది. మధ్యలో ఊఁ కొట్టడం మాత్రం మానకూడదు.

అనగనగా ఒక ఊళ్ళో, కాలవ గట్టు పక్క వీధిలో, లోవరాజని ఒకాయన పెరుగు అమ్మేవాడు. ఆయన భార్య అచ్చియ్యమ్మ. వాళ్ళ పెరుగు ఎంత గట్టిదంటే, ముంత బోర్లించినా కింద పడేది కాదు. చుట్టుపక్కల ఎవరింట్లో పాలు తోడెయ్యాలన్నా చిన్న గిన్నె పట్టుకుని లోవరాజు అరుగు దగ్గరికే వచ్చేవారు, తోడుకి కాస్త పెరుగు పెట్టమని. ఆయన కాదనకుండా చెంచాడు వేసి పంపేవాడు. సాయంత్రం దీపాలు పెట్టాక మాత్రం ఎవరడిగినా ఇచ్చేవాడు కాదు. దీపం వెలిగాక పెరుగు గడప దాటితే, దాని వెనకాలే లక్ష్మి కూడా దాటిపోతుందని వాళ్ళమ్మ చెప్పిందట.

పెరుగు పనిలో లోవరాజుకి పట్టింపులు ఎక్కువ. ముంతల్ని బూడిదతో తోమి, మరిగే నీళ్ళు పోసి, ఎండలో బోర్లించాలి. పాత వాసన రవ్వంత కూడా మిగలకూడదు. ఆ తర్వాత, తోడేసిన ముంతని ఎవరూ కదపకూడదు, మూత తీసి తొంగి చూడకూడదు. ఒకసారి వాళ్ళ మామగారే ముచ్చటపడి మూత తియ్యబోతే, ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వీధి అరుగు మీద కూర్చోబెట్టి వచ్చాడు. మామగారు ఆ పూట భోజనానికి కూడా లేవలేదు.

పాలు తోడేశాక అవి పేరుకునేదాకా లోవరాజుకి పని ఉండదు. పని లేకపోతే ఆయన చేతులు ఊరుకోవు. అలా ఉండగా ఒకనాడు తీర్థానికి వెళ్ళి, అక్కడి అంగట్లో ఒక ఎర్ర చేపని కొనుక్కొచ్చాడు. దాన్ని వెడల్పు మూతి గాజు సీసాలో వేసి అరుగు మీద పెట్టాడు.

ఆ చేప మంచి చేప. లోవరాజు నీళ్ళలో వేలు ముంచితే పరిగెత్తుకొచ్చి, వేలి కొసని చప్పరించి పోయేది. ఊళ్ళో పెరుగు అడక్కుండా తన దగ్గరికి వచ్చే ప్రాణి అదొక్కటే. అందుకని ఆయనకి దాని మీద ప్రాణం. పొద్దున్న లేవగానే దాని మొహం చూసి, ఆ తర్వాతే పాల బిందె ముట్టుకునేవాడు.

ఒకరోజు పెరుగు కొనడానికి వచ్చిన ఒకాయన, సీసా ఇరుగ్గా ఉంది పాపం అన్నాడు. అన్నవాడు పెరుగు కొనుక్కుని వెళ్ళిపోయాడు. మాట మాత్రం లోవరాజు చెవిలో ఉండిపోయింది.

ఆయన బస్సెక్కి పట్నం వెళ్ళి, మూరెడు పొడుగు గాజు తొట్టి, సంచెడు రంగురాళ్ళు తెచ్చాడు. సీసాలో నీళ్ళు పచ్చగా ఉన్నాయి, అడుగున జిగురు పట్టి ఉంది. అదంతా కాలవలో పారబోశాడు. తొట్టిని బూడిదతో తోమాడు. రాళ్ళకి మరిగే నీళ్ళు పోసి ఎండలో ఆరబెట్టాడు. ఆ తర్వాత కొత్త నీళ్ళు నింపి చేపని వదిలాడు. తొట్టి అద్దంలా మెరిసింది, చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. చేప మాత్రం, వేలు ముంచితే సగం దూరం వచ్చి వెనక్కి తిరిగిపోయింది.

దీనికి ఊసుపోవడం లేదు కాబోలు అనుకున్నాడు లోవరాజు. మళ్ళీ పట్నం వెళ్ళి, బుడగలు ఊదే మోటారు, రంగు దీపం, మట్టితో చేసిన చిన్న కోట తెచ్చాడు. మళ్ళీ నీళ్ళన్నీ పారబోశాడు. మళ్ళీ తోమాడు, మరిగే నీళ్ళు పోశాడు, ఎండబెట్టాడు. ఈసారి చూడ్డానికి బడి వదిలిన పిల్లలంతా వచ్చారు. చేప కోట వెనక్కి వెళ్ళి, తోక ఒక్కటే కనబడేలా నిలబడింది. వేలు ముంచితే ఆ తోక కూడా లోపలికి పోయింది.

ఊఁ అనండర్రా. అసలు సంగతి ఇప్పుడు వస్తోంది.

లోవరాజు ఇంటికి ఎదురుగా తాతబ్బాయి టీకొట్టు ఉండేది. అక్కడ కూడా ఒక చేపల తొట్టి ఉండేది. ఎప్పుడు పెట్టాడో, ఆ తర్వాత తాతబ్బాయి దాని మొహం చూసినట్టు లేదు. అద్దాలకి నాచు పట్టి, నీళ్ళు ఆకుపచ్చగా ఉండేవి. అందులో నల్ల చేపలు గుమ్మడికాయల్లా బలిసి, ఎవరి పని వాళ్ళది అన్నట్టు తిరుగుతుండేవి. లోవరాజు రోజూ టీకి వెళ్ళి, గ్లాసు చేతిలో పట్టుకుని, ఆ తొట్టి వైపు చూసి, బల్ల మీద కూర్చున్నవాళ్ళందరికీ వినబడేలా ఒకటే మాట అనేవాడు.

"తాతబ్బాయీ, నువ్వు పెంచుతున్నది చేపల్నా, మురుగునా?"

బల్ల మీదవాళ్ళు నవ్వేవారు. తాతబ్బాయి టీ వడగట్టుకుంటూ ఉండేవాడు.

ఆ తర్వాత లోవరాజు మూడోసారి పట్నం వెళ్ళాడు. తొట్టిలో పైనుంచి కిందికి పడే చిన్న జలపాతం, వెనకాల అంటించడానికి సముద్రం బొమ్మ, గవ్వలు తెచ్చాడు. అన్నీ తీశాడు, అన్నీ తోమాడు, అన్నీ మళ్ళీ పెట్టాడు. తొట్టిని అరుగు మీంచి కిటికీ దగ్గరికి, కిటికీ దగ్గర్నుంచి దీపం కిందికి మార్చాడు. అక్కడ కూడా నచ్చక మళ్ళీ అరుగు మీదికే తెచ్చాడు.

ఈసారి చేప దాక్కోలేదు. నీళ్ళ పైకి తేలి, ఒక పక్కకి ఒరిగి, నోరు తెరుస్తూ మూస్తూ ఉండిపోయింది. మెతుకు వేస్తే తినలేదు. వేలు ముంచితే చూడలేదు.

లోవరాజుకి ఆ పూట అన్నం సయించలేదు. ఇలాగే ఉంటే చేప బతకదని ఆయనకీ తెలుస్తోంది. దాన్ని కాసేపు దాని మానాన వదిలెయ్యమంది అచ్చియ్యమ్మ. ఆయన వినిపించుకోలేదు. తొట్టే చిన్నదయింది, మర్నాడు పొద్దున్న బస్సుకి వెళ్ళి ఇంకా పెద్దది తేవాలి, నీళ్ళన్నీ మళ్ళీ మార్చాలి అని నిశ్చయించుకున్నాడు.

సాయంత్రం, ఇంకా దీపాలు పెట్టకముందు, పక్కవీధిలోకి కాపరానికి వచ్చిన కొత్త కోడలు గిన్నె పట్టుకుని అరుగు దగ్గరికి వచ్చింది. మొహం చిన్నబుచ్చుకుని ఉంది. ఎంత ప్రయత్నించినా పాలు తోడుకోవడం లేదట. అత్తగారు దెప్పుతోందట. ఏం చేశావమ్మా అని అడిగాడు లోవరాజు. మిగిలిన పెరుగు పుల్లబడిందని పారేసి, గిన్నె తళతళలాడేలా తోమి, వట్టి పాలు పోసి పెట్టానంది. తోడుకుందో లేదోనని మాటిమాటికీ మూత తీసి, చెంచాతో కలిపి కూడా చూశానంది.

లోవరాజుకి నవ్వొచ్చింది.

"పాతది చుక్కైనా కలపకుండా కొత్తది ఎలా పేరుకుంటుందమ్మా? కలిపాక చెయ్యి పెడుతూ ఉంటే ఎలా కుదురుకుంటుంది?"

ఆ పిల్ల తల వంచుకుని, అలాగే బాబాయిగారూ అని, తోడు పెట్టించుకుని వెళ్ళిపోయింది. అచ్చియ్యమ్మ అప్పుడు దీపం వెలిగిస్తోంది. వెలిగించి, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"మరి ఆ తొట్టిలో మీరు పాతది చుక్కైనా ఉంచారా?"

లోవరాజు తొట్టి వైపు చూశాడు. నీళ్ళు కొత్తవి, రాళ్ళు కొత్తగా కాచినవి, గవ్వలు కొత్తవి. అందులో పాతది చేప ఒక్కటే. కాలవలో పారబోసిన నీళ్ళు ఈపాటికి సముద్రంలో కలిసిపోయి ఉంటాయి. పాత నీళ్ళు, చెయ్యి పడని నీళ్ళు, ఆ వీధి మొత్తానికి ఒక్కచోటే ఉన్నాయి. అవెక్కడున్నాయో ఆయనకి బాగా తెలుసు.

అప్పుడు ఆయన ఒక చిన్న గిన్నె తీసుకుని వీధి దాటాడు. ఆ వీధి ఎప్పుడూ అంత వెడల్పుగా లేదు.

టీకొట్టులో జనం నిండుగా ఉన్నారు. తాతబ్బాయి తలెత్తి చూశాడు.

"ఏంటి బావగారూ, గిన్నె పట్టుకొచ్చారు. టీ పార్సెలా?"

"తోడు కావాలి తాతబ్బాయీ."

బల్ల మీదవాళ్ళు గ్లాసులు దించారు. ఊరందరికీ తోడు పెట్టే మనిషి తోడు అడగడం వాళ్ళెప్పుడూ వినలేదు.

"దీపాలు పెట్టేశారు కదండీ," అన్నాడు తాతబ్బాయి. "ఈ వేళప్పుడు ఇవ్వకూడదని మా ఆవిణ్ణి మొన్న ఉత్త గిన్నెతో వెనక్కి పంపింది మీరేనాయె."

లోవరాజు తల వంచుకున్నాడు. అప్పుడు అందరి ముందూ, దాచకుండా చెప్పాడు. తోడు పాలకి కాదు, నీళ్ళకి అని చెప్పాడు. మూడుసార్లు తోమి, కాచి, ఎండబెట్టి, చేపని ఈ స్థితికి తెచ్చింది తానేనని చెప్పాడు. తెల్లారేదాకా ఆగితే అది ఉండకపోవచ్చని చెప్పాడు. చెబుతున్నంతసేపూ తాతబ్బాయి ఒకటే గ్లాసుని తుడుస్తూ ఉన్నాడు. ఆ తర్వాత గ్లాసు పక్కన పెట్టాడు.

"అయినా ఇది పెరుగు కాదు కదండీ, మురుగు. మురుగుకి వేళాపాళా ఏముంది. ఆ గిన్నె ఏం చాలుతుంది గానీ, బిందె తెచ్చుకోండి."

బల్ల మీదవాళ్ళు చాలాసేపు నవ్వారు. లోవరాజు వెళ్ళి బిందె తెచ్చుకున్నాడు.

తాతబ్బాయి తన తొట్టిలోంచి ఆకుపచ్చ నీళ్ళు ముంచి బిందెలో పోశాడు. ఆ తర్వాత అడుగున చెయ్యి పెట్టి, జారిపోతున్న రాళ్ళు గుప్పెడు తీసి వేశాడు. పైన గుప్పెడు నాచు వేశాడు. వేసి, వీటిని కడక్కండి, మీ సంగతి నాకు తెలుసు అన్నాడు.

ఇంటికి వచ్చి లోవరాజు జలపాతం తీసేశాడు. కోట తీసేశాడు, సముద్రం బొమ్మ పీకేశాడు. మెరిసే నీళ్ళు కొన్ని ముంచి పారబోసి, వాటి చోట బిందెలో నీళ్ళు నెమ్మదిగా వంచాడు. రాళ్ళూ నాచూ అడుగున పెట్టాడు. అచ్చియ్యమ్మ పెరుగు ముంతల మీద కప్పే పలచటి గుడ్డ తెచ్చి, తొట్టి మీద కప్పింది. ఇక దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు అంది. ఎవరూ అంటే ఎవరో లోవరాజుకి అర్థమైంది.

అంతవరకూ కష్టమంతా చేపది. ఇక్కణ్ణుంచి కష్టం లోవరాజుది.

ముందు, ఒక రాయి వంకరగా కూర్చున్నట్టు అనిపించింది. చెయ్యి గుడ్డ దాకా వెళ్ళింది. ఆయనే దాన్ని వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత అద్దం లోపల చిన్న పచ్చటి మరక కనబడింది. గుప్పిట్లో బూడిద పట్టుకుని తొట్టి దాకా వచ్చి, ఆగి, ఆ బూడిదతో తోమిన ముంతల్నే మళ్ళీ తోముకుంటూ కూర్చున్నాడు. తెల్లవారి చూస్తే చేప ఇంకా ఒరిగే ఉంది. అప్పుడే వీధి చివర పట్నం బస్సు హారన్ కొట్టింది. లోవరాజు సంచి తీసి భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. వెళ్ళకుండా కూర్చుని, చేప పోతే, చూస్తూ చూస్తూ చంపానని అనిపిస్తుంది. వెళ్ళి మళ్ళీ అన్నీ మారిస్తే ఏమవుతుందో మూడుసార్లు చూశాడు. బస్సు ఇంకోసారి హారన్ కొట్టింది. ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. బస్సు వెళ్ళిపోయింది. సంచిని మేకుకి తగిలించి, వచ్చి తొట్టి పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఆ రోజు ఏమీ జరగలేదు. ఆ తర్వాత ఒక రోజు చేప నిటారుగా నిలబడింది. ఇంకో రోజు పైనుంచి దిగి, నీళ్ళ మధ్యలోకి వచ్చింది. ఆ తర్వాత అడుగుదాకా వెళ్ళి, నాచుని పీకి, నమిలి, నచ్చని ముక్క ఉమ్మేసింది. ఉమ్మేసిందంటే ఇక బతుకుతుందని అచ్చియ్యమ్మ తేల్చి చెప్పింది. వేలు ముంచితే వచ్చేదేమో. లోవరాజు ముంచి చూడలేదు.

నెలలు గడిచాయి. తొట్టి అద్దాలకి నాచు పట్టింది. ముందు మూలల్లో పట్టింది, ఆ తర్వాత పక్కలకి పాకింది, చివరికి చేప ఎక్కడుందో వీధిలోంచి చూసేవాళ్ళకి కనబడ్డం మానేసింది. దాన్ని చూసి మెచ్చుకునేవాళ్ళు కూడా రావడం మానేశారు.

ఒకనాడు పొరుగూరి నుంచి పెళ్ళివారు పెరుగు కొనడానికి వచ్చారు. వాళ్ళలో ఒకాయన తొట్టి దగ్గర వంగి, ఇటు చూసి, అటు చూసి, ఇందులో ఏమీ లేనట్టుందే, ఊరికే ఎందుకు పెట్టుకున్నారు అని అడిగాడు.

లోవరాజు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"చేప ఉందండి," అన్నాడు. "దాని పనిలో అది ఉంది. మీకెన్ని ముంతలు కావాలి?"

అదర్రా సంగతి. ఇక లేవండి, గోనెపట్టా దులిపి మడత పెట్టండి. నిద్రపోయినవాణ్ణి లేపండి, వాడికి కథ రేపు మీరే చెబుదురుగాని. అందరూ నాతోపాటు అనండి.

కథేమో పట్టింది కంచి దారి,
మనమేమో పడదాం ఇంటి దారి.
కంచంలో అన్నం, పక్కన పెరుగు,
అమ్మలు పిలిచేలోగా ఇంటికి పరుగు.