పదకొండు గ్లాసుల మజ్జిగ

శేషాద్రి ముందు ప్రశ్న అడిగాడో, ముందు వడ్డన దగ్గర గొడవ జరిగిందో ఇప్పుడు గట్టిగా చెప్పలేను. రెండూ ఒక్కరోజే జరిగాయి. వరస తారుమారైతే అవనీయండి, అయ్యగారి మాట మాత్రం తప్పు రాయను.

అయ్యగారంటే విరూపాక్షయ్య గారు, పెన్న ఒడ్డున మా ఆశ్రమానికి గురువు. ఎవరేమడిగినా శాస్త్రం విప్పేవారు కాదు. కూర్చోమని, జరిగిన సంగతి ఒకటి చెప్పేవారు. శేషాద్రి ఆయన శిష్యుడు, వడ్డనకు కొత్తగా కుదిరినవాడు. ఆ రోజు జ్వరం పడి లేచిన ఒక పిల్లకు రెండు గరిటెల నెయ్యి వేశాడు. పక్క విస్తళ్లవాళ్లు గోల చేశారు. అతను నేరుగా అయ్యగారి దగ్గరికి వచ్చాడు.

"ఒకే పంక్తిలో కూర్చున్నవాళ్లకు తేడాగా వడ్డిస్తే పాపమని మీరే చెప్పారు. నాది తప్పే. అందరికీ సమంగా పెట్టడమే ధర్మం కదండీ?"

అయ్యగారు వెంటనే అవుననలేదు. "గిరిజాంబను ఎరుగుదువా?" అన్నారు.

"గేటు దగ్గర పూలు కట్టే కుంటి గిరిజాంబేనా?"

"ఇక్కడికి వచ్చిననాడు తన కాళ్లతోనే నడిచి వచ్చింది" అని ఆయన చెప్పడం మొదలుపెట్టారు. (పేరు గిరిజాంబే అనుకుంటాను. తప్పయితే ఇది చదివి మా మేనకోడలు సుశీల దిద్దాలి.)

అప్పటికి ఆ పిల్లకు ఏడేళ్లు. తల్లీతండ్రీ లేరు. పొద్దున లేస్తే మోకాళ్లు, మణికట్లు వాచి బిగుసుకుపోయేవి. ఎండెక్కాక గాని మెల్లగా సాగేవి కావు. నెల్లూరులో డాక్టరుగారు చూసి, ఇది పిల్లలకు వచ్చే కీళ్ల జబ్బన్నారు. వాపు తగ్గించే మందుకు ఎముకలు డొల్లబారతాయి గనక రోజుకు రెండు కాల్షియం బిళ్ళలు, వారానికొకసారి విటమిన్ డి పొడి రాశారు. "తిండిలాంటివే కదా అని తేలిగ్గా చూడొద్దు, ఈ పిల్లకు ఇవీ మందే" అని మరీ చెప్పారు.

బిళ్ళలు చప్పరించేవి, నారింజ వాసన వేసేవి. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆశ్రమంలో పిల్లలు పదకొండు మంది. మూడోనాటికి అందరూ కుంటుకుంటూ వచ్చి పంక్తిలో కూర్చున్నారు.

"నీకేమయిందే?" అంది వంటచేసే నరసమ్మ ఒకదాన్ని.

"నాకూ మోకాలు, పెద్దమ్మా. నాకూ బిళ్ళ."

"నిన్న ఎడమకాలు కుంటావు, ఇవాళ కుడికాలా?"

అందరూ నవ్వారు, అయ్యగారు కూడా. నరసమ్మ మాత్రం నవ్వలేదు. ముప్పయ్యేళ్లుగా ఆమె వడ్డనలో ఒక విస్తరికి ఎక్కువ, ఒక విస్తరికి తక్కువ లేదు. "ఇదొక్కతే అమ్మ కడుపున పుట్టిందా, తక్కినవాళ్లు చెట్టుకు కాశారా?" అంది. మర్నాటి నుంచి రెండు బిళ్ళలూ నూరి మజ్జిగ కుండలో కలిపి, పదకొండు గ్లాసులకూ సమంగా పోసింది. పొడి వచ్చే రోజున పొడీ అంతే. నూరింది నేను. ఆ కల్వం ఇంకా నా దగ్గరే ఉంది.

సంగతి తెలిసి అయ్యగారు భోజనాల వేళ లేచి నిలబడ్డారు. "సమదృష్టి అంటే పుస్తకాలు వెతకొద్దు, నరసమ్మ గరిటెను చూడండి" అన్నారు. నరసమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. గిరిజాంబ కూడా అందరితోపాటు చప్పట్లు కొట్టింది.

ఎనిమిది నెలలకు నూతి దగ్గర మెట్టు మీంచి ఆ పిల్ల జారింది. జానెడు ఎత్తు కూడా లేని మెట్టు. తొడ ఎముక విరిగింది.

ఎక్స్‌రే ఫోటో చూసి డాక్టరుగారు, "బిళ్ళలు సరిగ్గా వేశారా?" అనడిగారు.

నరసమ్మకు పౌరుషం వచ్చింది. "ఒక్కపూట తప్పితే నన్నడగండి బాబూ. పదకొండు మందికీ నా చేత్తో నేనే పోశాను."

"పదకొండు మందికా?" అన్నారాయన. ఫోటో బల్ల మీద పెట్టేశారు.

ఎముక అతికింది గాని కాలు పొట్టిదయింది. నరసమ్మ మళ్లీ గరిటె పట్టలేదు. తక్కిన పదిమందీ పెరిగి, ఎవరి దారిన వాళ్లు నడిచి వెళ్లిపోయారు.

అంతా విని శేషాద్రి అడిగాడు: "అయితే తప్పు నరసమ్మ గారిదా, అయ్యగారూ?"

"ఆమెకు ఆ పాఠం చెప్పిందెవరు? లేచి నిలబడి మెచ్చుకున్నదెవరు?" అన్నారాయన. గేటువైపు చూడకుండా పక్కకు తిరిగి కూర్చున్నారు.

"బిళ్ళలు పదకొండు మందికీ పంచాం, శేషాద్రీ. విరిగిన ఎముకను మాత్రం ఎవరమూ పంచుకోలేదు."