బుల్లోడి అడుగుల అరిసెలు

గవరయ్య ఇంట్లోవాళ్ళకి తమ తెలివంటే మహా గర్వం. "ఊళ్ళో జనానికి ఏదైనా ఊరికే తెలిసిపోతుంది. మనింట్లో అలా కుదరదు. నోటితో చెప్పాలి, నేను అవునని తేల్చాలి. అప్పుడే తెలిసినట్టు," అనేవాడు గవరయ్య. కోడలు దాలమ్మ కాపరానికొచ్చిన కొత్తలో ఆకలని చెప్పడానికి సిగ్గుపడి పస్తులుంది. తర్వాత తనూ తెలివైనదైపోయింది.

ఒక పొద్దున ఇంకా మాటలు రాని ఆమె కొడుకు బుల్లోడు గోడ వదిలేసి, తప్పటడుగులేసుకుంటూ వచ్చి ఆమె కొంగు పట్టుకున్నాడు. ఇంకేముంది! పిల్లాడు అడుగులేస్తే అరిసెల మీద నడిపించి ఊరందరికీ పంచాలి కదా. దాలమ్మ సంబరంగా తడిపిండి కొట్టి, బెల్లం పాకం పొయ్యిమీద పెట్టి మామ దగ్గరికి పరుగెత్తింది.

"మావా, బుల్లోడు నడిచాడు!"

"వాడు చెప్పాడా?"

"వాడికి మాటలేవి మావా?"

"మాటే రానోడికి నడుస్తున్నానని ఎలా తెలుస్తుందే? తెలియకుండా ఎలా నడుస్తాడు? పడబోయి పడలేదు, అంతే. అరిసెలూ లేవు, గిరిసెలూ లేవు."

బుల్లోడు వాళ్ళ కాళ్ళ మధ్యనుంచే అటూ ఇటూ తిరుగుతున్నాడు. దాలమ్మకి ఏడుపొచ్చింది. ఏడుస్తున్నానని చెప్పి మరీ ఏడ్చింది.

"పాకం ముదిరిపోతోంది, తొందరగా తేల్చండి!" అంటూ అత్త సింహాద్రమ్మ పాకంలో వేలు పెట్టింది. వేలు చటుక్కున వెనక్కొచ్చేసింది.

"ఓసి వేలా! కాలిందని నేనన్నానా? నన్నడక్కుండా ఎలా వచ్చేశావే?" అని తిట్టి మళ్ళీ పెట్టింది. మళ్ళీ వచ్చేసింది. ఈసారి రెండో చేత్తో గట్టిగా పట్టుకుని మరీ ముంచింది. "కాలిందిరో దేవుడో!"

"ఆఁ, ఇప్పుడు తెలిసింది," అన్నాడు గవరయ్య మెచ్చుకోలుగా. "ఇక నడకంటే ఏమిటో నేను చూపిస్తాను. వాడు చేసింది అదేనేమో చూసుకోండి."

లేచాడు. "ఇదిగో, కుడికాలు ఎత్తాను. అవును, ఎత్తాను. ఇప్పుడు ఎడమకాలు... కుడికాలు దించమని ఎవరూ చెప్పలేదే?" అంతే, ఎడమదీ ఎత్తాడు. ధబీమని తడిపిండిలో కూలబడ్డాడు.

"ఓలమ్మో, నాకు నడక పోయిందే!" అని ఒకటే గోల. లెమ్మంటే ఏ కాలు ముందో తేలడం లేదంటాడు.

బుల్లోడు వచ్చి తాత వేలు పట్టుకుని లాగాడు. ఆ లాగుడుకి గవరయ్య కాళ్ళ సంగతే మర్చిపోయి, లేచి వాడి వెనకాలే గుమ్మందాకా వెళ్ళిపోయాడు.

"నేను నడిచానోయ్!"

"విన్నారా, నోటితో చెప్పాడు!" అని సింహాద్రమ్మ చప్పట్లు కొట్టింది.

"అవును, నడిచాను," అని గవరయ్య తేల్చేశాడు.

ఇంకేముంది! గవరయ్య పంచెకంటిన పిండి కూడా గీకి పాకంలో కలిపి అరిసెలు వండారు. సాయంత్రం ఊరంతా చూస్తుండగా ఆయనకి మొలతాడు కట్టి, బుగ్గన దిష్టిచుక్క పెట్టి, సింహాద్రమ్మ వేలు పట్టుకుని అరిసెల మీద నడిపించింది. దాలమ్మ హారతి పళ్ళెం పట్టుకుని మురిసిపోతోంది.

"పిల్లాడేడే? ఎవరైనా ఎత్తుకోండి!" అంది పక్కింటావిడ.

"ఎక్కడికి పోతాడొదినా? వాడికింకా నడక రాదు," అంది దాలమ్మ.

బుల్లోడు అప్పటికే అరిసె నములుతూ వీధి మలుపు తిరిగాడు.