పైడయ్య చుట్టుదారి

మా గురువుగారిని ఏదైనా అడిగితే సూటిగా సమాధానం చెప్పరు. ఏదో ఒక పని పురమాయిస్తారు. ముప్పై ఏళ్ళుగా ఆయన్ని అంటిపెట్టుకుని ఉన్న నాకే ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది. ఇక మున్సిపల్ కౌన్సిలరు సన్యాసిరావు సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆవేళ సన్యాసిరావు పట్టణం పటం పట్టుకుని వచ్చాడు. ఊళ్ళో ఉన్న రెండు బ్రాందీ షాపులు చాలవట, మరో అయిదు పెడతారట. అందుకు కౌన్సిల్లో తను చెయ్యెత్తితే తప్పా అని అడిగాడు. అడిగినవాడు ఊరుకోవచ్చుగా, జవాబు కూడా తనే చెప్పుకున్నాడు.

"తాగేవాడు ఎలాగూ తాగుతాడండీ. రెండే ఉంటే అక్కడ తొక్కిసలాట, ఏడైతే రద్దీ తగ్గుతుంది. గుడికీ బడికీ దూరం టేపు పట్టి మరీ కొలిపించాను" అంటూ పటం మీద అయిదు ఎర్రచుక్కలు చూపించాడు. ఆ తెలివితేటలు వింటుంటే నాకు చిరాకేసింది.

గురువుగారు పటం వంక చూడనైనా లేదు. "రేపు పొద్దున తాపీమేస్త్రి పైడయ్య వెంట పనికి నడిచి వెళ్ళి రా" అన్నారు.

మర్నాడు సన్యాసిరావు గొణుక్కుంటూనే వెళ్ళాడు. పైడయ్య కడుతున్న ఇల్లు తిన్నగా పోతే పావుగంట నడక. ఆ మనిషి తాపీ, రసమట్టం సంచిలో వేసుకుని ఏకంగా ఎదురుదిక్కుకు తిరిగాడు. కాలవగట్టు ఎక్కించి, రైస్‌మిల్లు వెనక ఊక కుప్పల మధ్యనుంచి తీసుకుపోయాడు. ముప్పావుగంట పట్టింది. సన్యాసిరావు చెప్పులనిండా బురద.

"ఇదేం దారయ్యా, నీకేమైనా పిచ్చా?" అని విసుక్కున్నాడు.

"తిన్నని దార్లో షాపుంది బాబూ" అన్నాడు పైడయ్య. "అయ్యప్పమాల వేసుకున్నప్పుడు మానేశాను. మాల మెడలో ఉన్నన్నాళ్ళూ దాని ముందునుంచే నడిచినా భయం లేకపోయింది. మాల తీసి అయిదు నెలలైంది, ఇంకా ముట్టలేదు. కానీ అటెళితే కాళ్ళు నా మాట వినవు. మళ్ళీ తాగొస్తే పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోతానంది మా ఇంటిది. అనడమే కాదు, పోతుంది. నాకు ఈ దారొక్కటే ఉంది."

సన్యాసిరావు జేబులోంచి పటం తీసి చూశాడు. మూడో ఎర్రచుక్క రైస్‌మిల్లు వెనకే, సరిగ్గా గట్టు దిగేచోట ఉంది. ఆ సంగతి పైడయ్యకు చెప్పలేక పటం మడిచి లోపల పెట్టుకున్నాడు.

తిరిగొచ్చి జరిగిందంతా గురువుగారికి చెప్పాడు. చివర్లో, "ఒక్కడి కోసం ఊరంతా ఆగాలా అండీ?" అన్నాడు. గొంతులో పస లేదు.

గురువుగారికి కూడా విసుగొచ్చినట్టుంది. పెన్సిలు తీసి అతని ముందు పడేశారు.

"ఆగమని నేననలేదే. అన్నీ కొలిచావు కదా, పైడయ్య ఇక పనికి ఎటునుంచి వెళ్ళాలో ఆ పటం మీద గీసి తీసుకురా. గీశాక చెయ్యెత్తుదువుగాని."