పాముచెవుల యంత్రం

సముద్రపు ఒడ్డున ఇసుకలో లోహాలు వెతికే మనిషి ఒకడు ఉండేవాడు. అతనికది బతుకుతెరువు కాదు, సరదా. తెల్లవారగానే మెటల్ డిటెక్టర్ చేతపట్టుకుని, కొంచెం కుంటుతూ, అలల అంచు వెంట నడిచేవాడు. అది కుయ్యిమన్న చోటల్లా చిన్న పారతో తవ్వేవాడు. సీసా మూతలు, చేపల గాలాలు, ఎప్పుడైనా ఒక మెట్టె. ఏది దొరికినా వెలుగుకు ఎత్తిపట్టి తిప్పి తిప్పి చూసుకునేవాడు.

కానీ ఆ యంత్రం పాతబడింది. దానికి చెవుడు. బెత్తెడు లోతు దాటితే ఏమీ వినపడదు. ఇంకా కింద ఏముందో అన్న ఆలోచన అతన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. ఒకరోజు పట్నం బయలుదేరాడు.

యంత్రాలమ్మే అంగడిలో నెరిసిన జుట్టు ఆవిడ కూర్చుని ఉంది. ఇసుక పోసిన తొట్టి మీద ఒక్కో యంత్రాన్నీ ఆడించి చూపించింది.

"ఇది బంగారానికే మోగుతుందండి. కింద ఇనుము, రేకు ఎంతున్నా పట్టించుకోదు."

"మరి గాలాలో? మా ఒడ్డున అందరూ ఉత్తకాళ్లతో తిరుగుతారు. నేను ఏరకపోతే గుచ్చుకుంటాయి."

ఆవిడ దాన్ని పక్కన పెట్టి, తెర ఉన్న యంత్రం తీసింది. "ఇదైతే కింద ఉన్నదేమిటో, ఎంత లోతులో ఉందో రాసి చూపిస్తుంది. తవ్వకుండానే తెలిసిపోతుంది."

తొట్టి అడుగున ఇత్తడి గంట ఉందని తెర మీద కనిపించింది. చదవగానే అతనికి ఆ గంటను చూడాలన్న కోరికే పోయింది.

"అన్నీ ఇదే చెప్పేస్తే ఇంక నాకేం పని?"

ఆవిడ నవ్వింది. "అయితే ఇది తీసుకెళ్లండి. దీనికి పాముచెవులు. ఏదీ వదలదు. అదేమిటో మాత్రం చెప్పదు."

అతని కళ్లు మెరిశాయి.

మర్నాడు ఒడ్డున కాలు పెట్టాడో లేదో, యంత్రం మోగింది. మోకాలి లోతు తవ్వాడు. ఏమీ లేదు. పక్కకు జరిగాడు, మళ్లీ మోగింది. తవ్వాడు. అడుగడుక్కీ మోగుతూనే ఉంది. ఒడ్డు కింద ఓడేదైనా కూరుకుపోయి ఉందేమో అనుకున్నాడు. అలా తవ్వుకుంటూ ఇసుక దిబ్బలు దాటి సరుగుడు తోట దాకా వెళ్లాడు. అక్కడ నడుముల్లోతు తవ్వి, ఆయాసంతో గోతి అంచున చతికిలపడ్డాడు.

చేపలు ఎండబెట్టుకునే ఆవిడొకతె అటుగా వచ్చి ఆగింది.

"ఏటన్నయ్యా, నుయ్యి తవ్వుతన్నావేటి?"

"కింద ఏదో ఉందమ్మా. చాలా పెద్దది. ఒడ్డంతా పరుచుకుని ఉంది."

"ఏదీ, ఇలాగియ్యి."

ఆమె యంత్రం అందుకుని గోతి మీద తిప్పింది. చుట్టూ తిప్పింది. అది నోరు మెదపలేదు. తిరిగి ఇవ్వబోతుంటే అతని కుడికాలి దగ్గర కెవ్వుమంది. వెనక్కి లాగితే ఊరుకుంది. దగ్గరకు తెస్తే మళ్లీ కెవ్వుమంది.

ఇద్దరూ ఆ కాలి వంక చూశారు.

ఎన్నో ఏళ్ల కిందట ఆ కాలి ఎముక విరిగితే డాక్టర్లు లోపల ఉక్కు కడ్డీ వేశారు. నొప్పి పోయాక అతను దాని సంగతే మర్చిపోయాడు. పాత యంత్రానికి అది ఏనాడూ వినపడలేదు. పొద్దుట్నుంచీ అతను తవ్వింది తన మోతకే.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. అతనూ నవ్వబోయాడు గానీ సిగ్గు ముంచుకొచ్చి, గొయ్యి పూడ్చడానికి పార అందుకున్నాడు.

"ఆగాగు," అంటూ ఆమె గోతిలోకి దిగింది. అడుగున ఇసుక నల్లబడి చెమ్మ ఊరుతోంది. కాసేపటికి దోసెడు నీళ్లు నిలిచాయి. ఆమె నోట్లో పోసుకుని చూసింది.

"తియ్యగున్నాయన్నయ్యా!"

వాళ్ల పేటవాళ్లు మంచినీళ్లకు రోడ్డు దాటి చాలా దూరం పోవాలి. సాయంత్రానికి ఆ గోతి చుట్టూ బిందెలు చేరాయి. బిందె ఎత్తుకుంటూ ఒక ముసలమ్మ అతన్ని అడిగింది.

"రేపెక్కడ మోగుద్ది బాబూ?"

అతను నవ్వి, బిందెకు ఓ చెయ్యి వేశాడు.

అయినా ఆ యంత్రాన్ని మళ్లీ అంగడికి తీసుకెళ్లాడు. ఆవిడ అంతా విని, యంత్రాన్ని తిరగేసి ఒక చిన్న మర చూపించింది.

"దీన్ని కాస్త తిప్పితే మీ కాలి మోత ఇక వినపడదు. తర్వాత మోగిందంటే అది నేలలోదే. తిప్పమంటారా?"

అతని చెయ్యి తెలియకుండానే కాలిని తడిమింది.

"ముందే తిప్పి ఉంటే ఆ గొయ్యి తవ్వేవాణ్ణా?"

"ఎందుకు తవ్వుతారు? అక్కడ ఏ లోహమూ లేదుగా."

"అయితే వద్దండి. అలాగే ఉండనివ్వండి."

"మోగినప్పుడల్లా అది నేలదో మీదో ఎలా తెలుస్తుంది?"

"తెలీదు. తవ్వి చూసుకుంటాను."

మెట్లు దిగి, రోడ్డు దాటి, ఎందుకో వెనక్కి తిరిగి చూశాడు. అద్దాల వెనక ఆవిడ అలాంటిదే ఇంకో యంత్రాన్ని అరలోంచి దించింది. ఎవరూ లేరు కదా అని అటూ ఇటూ చూసుకుంది. చేతి గాజులు తీసి బల్ల మీద పెట్టింది. యంత్రాన్ని తన పాదాల దగ్గర నుంచి మెల్లగా పైకి తెస్తోంది.

అదెక్కడ మోగుతుందో వినాలని అతనికీ ఉంది. అయినా ముఖం తిప్పుకుని ముందుకు నడిచాడు.