దోనెకు వేసిన జల్లెడ

లతీఫ్‌కు స్మరణ కుదరడం లేదు. దైవనామం పట్టుకుని కూర్చున్న కొంతసేపటికే మనస్సులోకి ఏవేవో వచ్చి పడేవి. ఎప్పుడో తన అన్న ఆడిన ఒక మాట, మదరసాలో తనకంటే తక్కువ చదివినవాడికి దక్కిన గౌరవం, ఒక్కొక్కసారి ఏ అర్థమూ లేని పాట ముక్క. తరిమేకొద్దీ అవి తిరిగి వచ్చేవి.

ఒకనాడు అతడు గురువు ఎదుట కూర్చుని అడిగాడు.

"హజ్రత్, ఈ చెత్త లోపలికి రాకుండా ఏదైనా ఉపాయం చెప్పండి."

గురువు ముర్తుజా షా మితభాషి. కొంతసేపు శిష్యుని ముఖం చూసి, "రేపటి నుంచి దోనెలు నువ్వు చూడు" అన్నారు.

వారి ఖాన్‌ఖా, అంటే సూఫీల ఆశ్రమం, ఒక రాతికొండ మీద ఉండేది. అక్కడ బావి లేదు. పెంకుటింటి చూరు పొడవునా రేకు దోనెలు కట్టి ఉండేవి. కప్పు మీద పడిన వాననీరు వాటిలోకి జారి, తూము గుండా పెరటిలోని రాతిగుండంలో చేరేది. ఖాన్‌ఖాలోని వారే కాక, కొండ కింది పల్లెవారు కూడా ఏడాది పొడవునా తాగేది ఆ నీరే. పల్లె బావుల్లో ఉన్నది ఉప్పునీరు. ఆ సీమలో వాన అరుదు. పడినప్పుడే పట్టుకోవాలి. ఇంటి మీదికి వంగిన చింతచెట్టు మాత్రం ఆకు రాల్చని రోజు లేదు.

అందుచేత అక్కడ ఒక ఆచారం ఏర్పడింది. ప్రతి ఉదయం వెలుగు రాగానే గురువు వాకిట్లోకి వచ్చి, "దోనె?" అని అడిగేవారు. ఆ పని చేసే శిష్యుడు అప్పటికే నిచ్చెన ఎక్కి దిగి ఉండాలి. "చూశాను" అని బదులు చెప్పాలి. తీశాను అనకూడదు. శుభ్రం చేశాను అనకూడదు. చెప్పవలసింది ఆ ఒక్క మాటే.

తర్కశాస్త్రం చదివిన తాను రోజూ నిచ్చెన ఎక్కి చింతాకు ఏరడం లతీఫ్‌కు చిన్నతనంగా తోచింది. ఎంత ఏరినా మరునాటికి మళ్ళీ అంతే. చివరకు అతడు పట్నం వెళ్ళి సన్నని ఇనుప జల్లెడ తెచ్చాడు. దోనెల కొలతకు కత్తిరించి, పైన పరిచి, ఇనుప తీగతో బిగించి ముడులు వేశాడు. నీరు దిగుతుంది, ఆకు దిగదు.

వంటింటి గుమ్మంలో నిలబడి ఖైరూనవ్వ ఇదంతా చూసింది. ఖాన్‌ఖాలో వంట ఆమెదే.

"ఏమప్పా లతీఫూ, దోనెలకు గూడా ముసుగేసినావా?"

"ముసుగు కాదవ్వా, జల్లెడ."

"ఏదైతేనేం లే. ఇంక వాటి మొగం చూసే పని తప్పె నీకు."

లతీఫ్ నవ్వాడు. సాయంత్రం గురువును పిలుచుకువచ్చి చూపించాడు.

"ఇక చెత్త లోపలికి రాదు, హజ్రత్."

చూరు అందినచోట గురువు చెయ్యి చాచి ఒక ముడిని వేళ్ళతో తడిమారు.

"గట్టిగా బిగించావు" అన్నారు.

మరునాడు వెలుగు వచ్చింది. "దోనె?" అని ప్రశ్న వచ్చింది. లతీఫ్ వాకిట్లో నుంచే తల ఎత్తాడు. జల్లెడ అంచు ఎండకు మెరుస్తూ ఉంది.

"చూశాను" అన్నాడు.

అది అబద్ధం కాదని అతడు తనకు తాను నచ్చచెప్పుకున్నాడు. దూరం నుంచి చూసినా చూపు చూపే. ఆ తర్వాత ప్రతి ఉదయమూ అదే మాట అన్నాడు. నిచ్చెన పశువుల కొట్టంలో చేరింది. దాని మెట్ల మీద ఖైరూనవ్వ తడిబట్టలు ఆరవేసుకునేది.

ఎండలు ముదిరాయి. గుండం అడుగు కనబడసాగింది. చేద మునగక, పల్లె ఆడవాళ్ళు రాతి మీద కూర్చుని గిన్నెలతో నీళ్ళు తోడుకునేవారు. మబ్బులు వచ్చాయి, పోయాయి. తిరిగి వచ్చాయి, మళ్ళీ పోయాయి. అందరూ మాటలు తగ్గించి ఆకాశం వైపు చూడడం మొదలుపెట్టారు.

ఒక సాయంత్రం పడమర నల్లబడింది. గాలి లేచింది. చూస్తూండగానే వాన కొండను కమ్ముకుంది.

లతీఫ్ సంతోషంతో పెరట్లోకి పరుగెత్తి తూము దగ్గర నిలబడ్డాడు. తూములో నుంచి వేలెడు ధార వస్తూ ఉంది. అంతే. కప్పు మీద వాన హోరెత్తుతోంది, తూము మాత్రం నిండడం లేదు. అతడు తల తిప్పి చూశాడు. చూరు పొడవునా నీరు దోనెను దాటి, తెరలా బయటికి దూకుతూ ఉంది. నేలను తాకి, బండల మీదుగా లోయలోకి జారిపోతూ ఉంది.

"నీళ్ళన్నీ కొండ దిగిపోతాండాయి నాయనా" అని లోపలి నుంచి ఖైరూనవ్వ కేక వేసింది. ఈసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు.

అతడు కొట్టంలోకి పరుగెత్తి నిచ్చెన తెచ్చి ఎక్కాడు. కింది నుంచి ఇన్నాళ్ళూ కనబడినది అంచు ఒక్కటే. పైన చింతాకు, కొండదుమ్ము, మంచు తడి కలిసి జల్లెడ మీద రొట్టెలా అతుక్కుపోయి ఉన్నాయి. గీకితే వచ్చినంత మేర నీరు దిగింది. వెంటనే కొత్త ఆకు కొట్టుకువచ్చి ఆ చోటును కప్పేసింది. జల్లెడ ఊడదీయక తప్పదు. తీగ ముడులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. వేళ్ళు కోసుకుపోయాయి. కాలి కింద నిచ్చెన జారింది.

జారిన నిచ్చెన ఆగింది. అతడు కిందికి చూశాడు. ముర్తుజా షా వానలో తడుస్తూ రెండు చేతులతో దానిని పట్టుకుని నిలబడి ఉన్నారు.

వాన ఎప్పుడు ఆగుతుందో తెలియదు. లతీఫ్ మొదటి ముడి తెంచాడు.

"దోనె?" అని కింది నుంచి గురువు అడిగారు. ప్రతి ఉదయం అడిగే గొంతే అది.

లతీఫ్ చేతులు ఆగిపోయాయి.

"చూడలేదు, హజ్రత్."

"ఎప్పటి నుంచి?"

"జల్లెడ కట్టిన నాటి నుంచి."



"రెండో ముడి విప్పు" అన్నారు గురువు.

ఒక్కొక్క ముడీ తెంచుకుంటూ, నిచ్చెన జరుపుకుంటూ ఇద్దరూ చూరు వెంట నడిచారు. చివరి ముక్క ఊడి వాకిట్లో పడింది. తూము గర్జించింది. గుండంలోకి నీరు ఒక్కసారిగా దూకింది. ఆ శబ్దం లతీఫ్‌కు కొద్దిసేపే వినబడింది. వాన వెలిసింది.

గుండంలో మోకాలి లోతు నీరు కూడా చేరలేదు.

మరునాడు వేకువన లతీఫ్ నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి చెంబు తీసుకుని గుండం వైపు వెళ్తూ ఆగాడు. వసారా మూల వాన తగలని చోట గురువు కూర్చుని ఉన్నారు. రెండు అరచేతులూ పొడిమట్టి మీద ఆనించి, ఆ చేతులతో ముఖం తుడుచుకుంటున్నారు. నీరు దొరకనివారు చేసే శుద్ధి అది.

"హజ్రత్, గుండంలో నీళ్ళు ఉన్నాయి కదా."

"అవి పల్లెవాళ్ళు తాగడానికి."

లతీఫ్ చెంబు కింద పెట్టాడు. గురువు పక్కన కూర్చుని తానూ మట్టి మీద చేతులు ఆనించాడు. కోసుకుపోయిన వేళ్ళు మండాయి.

నమాజు ముగిసింది. వెలుగు వచ్చింది. జల్లెడ ముక్కలు వాకిట్లో పడి ఉన్నాయి. వాటిని పారవేయమని గాని, తిరిగి కట్టమని గాని గురువు అనలేదు.

"దోనె?" అన్నారు.

లతీఫ్ లేచాడు. నిచ్చెన తెచ్చి చూరుకు ఆనించి ఎక్కాడు. వంగి, దోనె ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"ఏముంది?" అని గురువు అడిగారు.

"ఆకులు, హజ్రత్. వాన వెలిశాక రాలినవి."

"తీస్తే మళ్ళీ పడవా?"

"పడతాయి. చెట్టు ఉంది కదా."

గురువు నిచ్చెన మీద చెయ్యి వేశారు.

"ఇదీ ఉంది" అన్నారు.